ఎడమ చక్రం మీద నింద

చేవెళ్ల నుంచి మొయినాబాదు మీదుగా పట్నం పోయే బస్సుకు ముందు ఎడమ చక్రం పెద్ద తిండిపోతు. పదిహేను రోజులు తిరక్కముందే లోపలి బ్రేకు పట్టీని రేకు తేలేదాకా అరగదీసేది. కుడి చక్రంలో పట్టీ మాత్రం వేసిననాటి మందంతో పెళ్లికొడుకులా ఉండేది.

అది పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిది. బస్సు యజమాని రాజమౌళికి యంత్రాల సంగతి ముక్క తెలియదు గానీ కోపానికి కొదవలేదు.

"అబ్రహాం, నీ కాలు బ్రేకు మీదికెల్లి లేస్తలేదు. గిది మూడో పట్టీ. సోమవారం పొద్దుగాల వస్త. ఎందుకరుగుతున్నదో చెప్పకుంటె బస్సు ఇంకొకనికిస్త" అని డ్రైవరును గద్దించి పోయాడు.

ఆ డ్రైవరు సీటు దిగినా అబ్రహాముకు అన్నం దొరక్కపోదు. కానీ దిగాలంటే ప్రాణం ఒప్పదు. మొయినాబాదు మొత్తంలో స్టీరింగు పట్టినవాడు అతనొక్కడే మరి.

ఎడమ చక్రం మూడుసార్లు విప్పాడు. బ్రేకు కడ్డీలు బిగించాడు, వదులు చేశాడు. ఏం చేసినా బ్రేకు తొక్కగానే బస్సు ఎడమకే ఈడ్చేది, పట్టీ అరుగుతూనే ఉండేది.

సోమవారం తెల్లవారగానే ఖాళీ బస్సును కనకమామిడి ఊరి దాకా తోలాడు. చదునైన చోట నాలుగుసార్లు గట్టిగా బ్రేకు తొక్కి దిగాడు. ఎడమ చక్రం బ్రేకు డ్రమ్ము మీద చెయ్యి పెడితే చుర్రుమంది. కుడిదాని మీద పెట్టాడు. కుండలో నీళ్లంత చల్లగా ఉంది. అబ్రహాము నడిరోడ్డు మీద పకపకా నవ్వాడు. చాకిరీ అంతా చేస్తున్నవాణ్ని ఇన్నాళ్లూ తిట్టాడు, సోమరిపోతేమో ఇటు పక్కన హాయిగా ఉన్నాడు!

ఇంటికొచ్చి కుడి చక్రం విప్పాడు. లోపల పట్టీ నల్లగా నిగనిగలాడుతోంది. వేలితో రాసి వాసన చూస్తే ఆముదం! బస్సులోకి ఆముదం ఎక్కడిది?

తలెత్తి అరుగు వైపు చూశాడు. తండ్రి మారయ్య ఏమీ ఎరగనట్టు చుట్ట కాలుస్తున్నాడు. నలభై ఏళ్లు ఇరుసుకు ఆముదం పోస్తూ ఎడ్లబండి తోలిన మనిషి. బస్సు వచ్చి బండి కిరాయిలు పోయిన నాటి నుంచి దానివైపు సరిగా చూసింది లేదు, ఒక్కనాడు ఎక్కిందీ లేదు. కక్షతోనే పోశాడేమోనని అబ్రహాముకు అనుమానం వచ్చింది.

అంతలో రాజమౌళి రానే వచ్చాడు. "దొరికిందా?"

"దొరికింది సేటూ. చెయ్యి పెట్టి చూస్తె ఎడమది కాలుతున్నది, కుడిది సల్లగున్నది. కుడి చక్రంల నూనె పడి బ్రేకు జారుతున్నది. బస్సునంత ఎడమదొక్కటే ఆపుతున్నది, అందుకే అరుగుతున్నది. నూనె... నేనే పోసిన, తెల్వక."

"వాడెందుకు పోస్తడు?" మారయ్య అరుగు మీంచి లేచాడు. "నేను పోసిన. బస్సు ఇంటి ముంగట ఆగేటప్పుడు దినాం కుయ్యోమని ఏడుస్తది. ఇరుసు ఎండిందని, మా బండికి పోసినట్టే చక్రం ఎనక సందులకెల్లి పోసిన. ఎడమ పక్క ముండ్లకంచె. అటు పోరాక ఒక్క పక్కనే పోసిన, తప్పే."

రాజమౌళి తలకు చుట్టిన రుమాలు జారిపోయేలా నవ్వాడు. "ఓ మారయ్యా, ఆ పక్క గూడ పోసుంటివా, బస్సు పట్నం దాటి పోయినా ఆగకపోతుండె!"

నవ్వు ఆగాక అబ్రహాము భుజం తట్టాడు. "రెండు దిక్కుల కొత్త పట్టీలెయ్యి. బస్సు నువ్వే నడుపు. చెయ్యి పెట్టి దొంగను పట్టేటోడు నాకెక్కడ దొరుకుతడు?"

సేటు వెళ్లాక అబ్రహాము తండ్రి పక్కన కూర్చున్నాడు. "బాపూ, నీకు బస్సంటె గిట్టదు గదా. మరి ఎందుకు పోసినవ్?"

మారయ్య ఆరిన చుట్టను మళ్లీ వెలిగించుకున్నాడు.

"ఇప్పటికీ గిట్టదు. కానీ దినాం పొద్దుగాల అందుల ఎక్కి పోయేటోడు నా కొడుకు గదరా."