ఎడమ బూటులో గడ్డి

ఇస్సాత్ ఎడమ బూటులోని ఎండుగడ్డి పీకి మళ్లీ కూరాడు. రెయిన్‌డీర్ తోలు బూట్లలో మేజోళ్లకు బదులు గడ్డి కూరుకోవడం అతనికి తండ్రి నేర్పిన అలవాటు. కుడి కాలికి ఒకసారి కూరితే చాలు. ఎడమ కాలితోనే పేచీ. కూర్చున్నా, తింటున్నా, మంచు తీసే లారీ నడుపుతున్నా అది ఆడుతూనే ఉంటుంది. అరవై దాటినా నిలకడ రాలేదని ఊరంతా నవ్వేది.

లారీ ఎక్కగానే ఫోను మోగింది. మున్సిపాలిటీ సూపర్‌వైజర్ ఓడ్‌వార్.

“ఇస్సాత్, ఇవాళ స్కాల్వె కొండ గేటు దాకా మంచు తీసెయ్. గని వాళ్ల యంత్రాలు వస్తున్నాయి.”

“అక్కడ గని వద్దని మావాళ్లు గుడారం వేసుక్కూర్చున్నారు కదా.”

“వాళ్ల సంగతి పోలీసులు చూసుకుంటారులే. నువ్వు రోడ్డు చూసుకో.”

రోడ్డే చూసుకుంటున్నాడు ఇన్నాళ్లూ. ఒకప్పుడు చలికాలమంతా తండ్రి రెయిన్‌డీర్ మంద స్కాల్వె కొండ కిందే మేసేది. రోడ్డు పడి మేత రెండు ముక్కలైంది, మంద చెదిరింది. మిగిలిన జంతువుల్ని అమ్మేసి ఇస్సాత్ అదే రోడ్డు మీద పనికి కుదిరాడు. కడుపు నిండాలి కదా మరి. కానీ ఆ తరవాత మందలున్నవాళ్ల ఎదుట ఎప్పుడూ తలెత్తి మాట్లాడలేదు.

పొద్దున్నుంచీ ఛాతీలో బరువుగా ఉంది. కాఫీ ఎక్కువైందనుకున్నాడు.

గేటు ముందు పొగ లేస్తోంది. ట్రాలీ మీద స్పీకర్లు, గిటారుతో అతని అక్క కూతురు రావ్నా, డ్రమ్ముల వెనక ట్రోమ్సో పట్నం నుంచి వచ్చిన ఐవిండ్. వాళ్ల వాయిద్యాల మోత ఎంతున్నా, అడుగున పారేవి పాత జోయిక్‌లే. జోయిక్ అంటే మనిషి గురించి పాడడం కాదు, ఆ మనిషినే పాడడం. కొండకీ ఉంటుంది, వాగుకీ ఉంటుంది. ఎవరిది వాళ్లు కట్టుకోకూడదు, కట్టమని నోరు తెరిచి అడగనూ కూడదు. రావ్నా ఊళ్లో సగం మందికి కట్టింది, పోస్టాఫీసు దగ్గరి తాగుబోతుతో సహా. మేనమామకు మాత్రం కట్టలేదు. మంద లేని రోడ్డు మనిషిలో పాడడానికేముంది అని ఇస్సాత్ సరిపెట్టుకునేవాడు గానీ, ఆ బాధ కడుపులోనే ఉండేది.

“వచ్చాడమ్మా మా రోడ్డు దొర!” అంది రావ్నా, చెక్క కప్పులో కాఫీ పోసి, అక్కడి అలవాటు ప్రకారం ఎండుమాంసం ముక్కలు వేసి అందిస్తూ. “కానియ్ మామయ్యా, మంచుతోపాటు మా స్పీకర్లు కూడా ఊడ్చెయ్.”

“నా ఉద్యోగమే అది.”

“చెయ్యి మరి. ఎవరొద్దన్నారు?”

ఇస్సాత్ మాట మార్చాడు. “మొన్న రేడియోలో విన్నానే నీ పాట. చివర్లో ధబీమని బాదుతాడేంటి ఈ అబ్బాయి? మనిషిని గోతిలో పెట్టి మట్టి కొట్టినట్టు! జోయిక్‌కి చివరెక్కడుందే?”

“చప్పట్లెప్పుడు కొట్టాలో జనానికి తెలియాలి కదా పెద్దాయనా,” అన్నాడు ఐవిండ్.

“ఇదంతా చప్పట్ల కోసమట్రా?”

ఖాళీ కప్పు తిరిగిచ్చేసి లారీ ఎక్కాడు. వెనక లోయలో యంత్రాల దీపాలు, వాటి ముందు పోలీసు కారు. గేటు దాకా మిగిలింది కాస్త మంచే. గేరు మీద చెయ్యి వేశాడు.

రావ్నా మైకు అందుకుంది. కొత్త రాగం. రెండు దెబ్బలు టకటకా, మూడోది సగంలోనే తెగిపోతుంది. కూర్చోబోయి లేస్తుంది, వెళ్లబోయి వెనక్కి చూస్తుంది. గుడారం దగ్గర ఆడవాళ్లు ఫక్కున నవ్వారు.

“ఇస్సాతే! అచ్చం ఇస్సాతే!”

అందరికన్నా ఆలస్యంగా పోల్చుకున్నవాడు ఇస్సాతే. ఈలోగా గిటారు కింది తీగల మీద ఇంకొకటి మొదలైంది. తండ్రి పాడే స్కాల్వె కొండ జోయిక్. రెండూ కలిసి నడుస్తుంటే అతనికి సిగ్గేసింది, ఆనందమేసింది, ఏడుపు ఆగలేదు. కళ్లు తుడుచుకుని కిందికి చూసుకుంటే ఎడమ కాలు కదలడం లేదు.

లారీని వెనక్కి తిప్పి, రెండువైపులా మంచు గట్ల మధ్య రోడ్డుకి అడ్డంగా పెట్టాడు. ముందరి బ్లేడు కిందికి దించాడు. ఇంజను ఆపి, తాళంచెవి తీసి ఎడమ బూటులో గడ్డి అడుక్కి తోశాడు. రెండో తాళంచెవి కిందటేడే పోగొట్టాడు. ఓడ్‌వార్‌తో చెప్పడానికి ఇప్పటిదాకా ధైర్యం చాలలేదు.

ఫోను మోగింది. తియ్యలేదు. సీటుకి తల ఆనించి వింటూ ఉన్నాడు.

ఐవిండ్ ఆఖరి దెబ్బకి చేతులెత్తాడు. రావ్నా వద్దని తల ఊపింది. పాట మళ్లీ మొదటికొచ్చింది, మళ్లీ. పోలీసులు హారన్ కొట్టారు, అరిచారు, దిగి వచ్చి తలుపు తీశారు. తలుపు తీసిన పోలీసు లోపలికి చూసి మెల్లగా టోపీ తీసేశాడు. అది చూసి రావ్నా పాటని ఎక్కడున్నదక్కడే వదిలేసి పరుగెత్తింది.

ఆ రోజుకి యంత్రాలు వెనక్కి మళ్లాయి. పోలీసులు తాళంచెవి కోసం అతని జేబులు, సీటు కింద, చుట్టూ మంచంతా వెతికారు. గుడారంలో పడుకోబెట్టిన మేనమామ చల్లబడ్డ కాళ్ల నుంచి రావ్నా బూట్లు విప్పింది. కుడి బూటులోని గడ్డి తీసి, రోజూ చేసే పనే అన్నట్టు దండెం మీద ఆరవేసింది. ఎడమ బూటులో చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆగింది. బయట పోలీసులింకా వెతుకుతూనే ఉన్నారు. చెయ్యి వెనక్కి తీసుకుని, పైన ఇంకో గుప్పెడు గడ్డి కూరి, ఆ బూటుని పొయ్యి పక్కన నిలబెట్టింది.