మానికెడు తవుడు

నేను ఒక కొలతను. పేరు మానిక. కిలోలకూ లీటర్లకూ అలవాటు పడ్డ మీకు నాతో పనిలేదు గాని, ఒకప్పుడు చిన్న సంసారానికి ఒక పూటకు సరిపడే బియ్యమంటే నేనే. బుడితి ఊరి కంచరులు ఇత్తడి కరిగించి నన్ను పోతపోశారు. తాలూకా కచేరీలో నా అడుగున కిరీటం గుర్తు ముద్ర కొట్టారు. ఎవరి చేతిలో ఉన్నా ఒక్క తీరుగానే కొలుస్తానని దొరలు నా తరఫున ఇచ్చిన మాట అది. మనుషులు తోటిమనిషి మాట కన్నా ఇత్తడి మాటను ఎక్కువ నమ్ముతారని అప్పుడే తెలిసింది.

నన్ను కొన్నాయన తన కూతురు పారమ్మను కాపురానికి పంపుతూ సారెలో నన్ను కూడా పెట్టాడు. టెక్కలి దగ్గర పల్లె, దుంపల వారి ఇల్లు. ఆ ఊరు అప్పట్లో గంజాం జిల్లా కిందికి వచ్చేది. పొద్దున్నే పారమ్మ చెయ్యి నా మీద పడేది. ఆ అరచేతిని బట్టి ఇంట్లో ఏం జరుగుతోందో నాకు తెలిసిపోయేది. మొదటి పిల్లవాడికి అమ్మవారు పోసి పోయాడు. రెండోవాణ్ణి జ్వరం తీసుకుపోయింది. తరువాత పుట్టిన ఆడపిల్ల పేరైనా పెట్టకముందే పోయింది. అప్పటినుంచి పారమ్మ బియ్యం కొలుస్తూ కొలుస్తూ నన్ను సగంలో ఎత్తిపట్టుకుని ఉండిపోయేది. అత్తగారు కేకేస్తే గాని గింజలు కిందికి జారేవి కావు.

నాలుగో కాన్పులో మళ్లీ ఆడపిల్ల.

పిల్లలు నిలవని ఇళ్లలో మా వైపు ఒక ఆచారం ఉంది. పుట్టిన బిడ్డను చేటలో పడుకోబెట్టి, పిల్లలు బతికి బట్టకట్టిన వేరే ఇల్లాలికి తవుడుకు అమ్మేస్తారు. బిడ్డ ఈ ఇంటిది కాదు గనక, మృత్యువు వెతుక్కుంటూ వచ్చినా ఇల్లు తప్పి వెనక్కి పోతుందని నమ్మకం. కొనడానికి ఎదురింటి అసిరమ్మను పిలిచారు. ఆవిడకు ఏడుగురు పిల్లలు. ఏడుగురూ ఎప్పుడూ వీధిలో దుమ్ము రేపుతూ ఉండేవారు. అయితే అసిరమ్మ ఇంట్లో ఆ పూట తవుడూ లేదు, కొలవడానికి మానికా లేదు. అందుకని నన్నూ తవుడునూ పారమ్మ ఇంటి పెరటి దారినే ఎదురింటికి పంపి, మళ్లీ వీధి గుమ్మంలోంచి తెప్పించారు. మృత్యువు పెరటి వైపు చూడదని పెద్దల ధీమా.

గడప మీద చేట, చేటలో పిల్ల. అసిరమ్మ నన్ను వంచి తవుడంతా పారమ్మ కొంగులో పోసింది.

"ఈ గుంట నాది. పాల కోసం నీ కాడ ఒగ్గేసి ఎల్తన్నాను. కొట్టకు, తిట్టకు," అంది వీధంతా వినబడేలా.

"నీ గుంటేనమ్మా. నాకేటి?" అంది పారమ్మ.

చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

తవుడుకు కొన్న పిల్ల గనక తవిటమ్మ అన్నారు. మునసబు దగ్గర పుట్టుకల పుస్తకంలో కూడా తల్లి పేరు అసిరమ్మ అనే రాయించి రమ్మని పారమ్మ మొగుణ్ణి పంపింది. సర్కారు పుస్తకాన్ని యముడు తిరగేస్తాడేమోనని ఆవిడ అనుమానం. ఇలాంటి మాటను ఎవరైనా చెవులు కుట్టే దాకా నడిపించి, ఆ తరువాత మర్చిపోయి పిల్లను తమ పిల్లగానే పెంచుకుంటారు. పారమ్మ మర్చిపోలేదు. పిల్ల కూడా ఆవిడను అత్తా అనే పిలిచేది. ఒకసారి ఆడుకుంటూ మోకాలు చెక్కుకుపోయి "అమ్మా" అంటూ పరుగెత్తుకొచ్చింది. పారమ్మ పనిలోంచి లేవకుండానే వీధి అవతలికి చెయ్యి చూపించింది.

"మీ అమ్మ అల్లదిగో."

పిల్ల ఏడుస్తూ అటు వెళ్లింది. పారమ్మ కొట్టుగదిలోకి వచ్చి, గాబులోంచి బియ్యం నాతో కొలిచి చేటలో పోసింది. చేటలోవి తిరిగి కొలిచి గాబులో పోసింది. మళ్లీ తీసింది. ఎదురింట్లో ఏడుపు ఆగేదాకా అవే బియ్యం.

తవిటమ్మ నిలిచింది. పెద్దదైంది, పెళ్లయింది, ఆడపిల్లను కన్నది. సంగతి ఆమెకు ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు. పారమ్మ మంచంలో పడ్డప్పుడు పసిదాన్ని చంకనేసుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"ఒక్కసారి పిలుస్తాను," అంది. "నీకొక్కదానికే ఇనబడేలాగ."

పారమ్మ చెయ్యెత్తి ఆమె నోటిమీద పెట్టింది. "తప్పు. నీ ఒళ్లో గుంట ఉంది. నాను నీకేటీ కాను."

ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. కాసేపటికి ఎవరో వచ్చి దాన్ని తీసి మంచం మీద పెట్టాల్సి వచ్చింది.

ఆ తరువాత నేను తల్లుల నుంచి కూతుళ్లకు చేతులు మారాను. తవిటమ్మ, ఆమె కూతురు, ఆ కూతురి పెద్దకూతురు సూరమ్మ. ఈలోగా దొరలు వెళ్లిపోయారు, కిలోలు వచ్చాయి, నన్ను మజ్జిగ కుండ మూత మీద బరువుకు పెట్టారు. కొలతకు అంతకన్నా అవమానం ఉండదు. కాని ఒక్కొక్కప్పుడు మిట్టమధ్యాహ్నం ఇల్లంతా సద్దుమణిగాక, ఎవరి చెయ్యీ తగలకుండానే నాలో గింజలు జారుతున్న చప్పుడయ్యేది. నిండడం, ఖాళీ కావడం, మళ్లీ నిండడం. సూరమ్మ పడుకున్న చోటినుంచే నా వైపు చూసేది. వినబడ్డట్టే ఉండేది.

అలాంటి ఒక మధ్యాహ్నం సూరమ్మ చెల్లెలి కూతురు ఇందుమతి విశాఖపట్నం నుంచి వచ్చింది. ఆమె బ్యాంకు ఉద్యోగి. ఆమె కూతురు ప్రణవికి రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి డాక్టరమ్మ, మీ పుట్టింటి వైపు ఇలా పిల్లలు పోయిన వాళ్లున్నారా అని ఇందుమతిని అడిగింది. అమ్మమ్మకు పైన ఎవరున్నారో ఆమెకు పేర్లయినా తెలియవు. ఆనాటినుంచి సెలవు దొరికితే చాలు, పాత రికార్డులున్న ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఇప్పుడు ప్రణవికి మూడోసారి అయిదో నెల.

"ఏటమ్మీ, సచ్చిపోయినోళ్లని ఎతుకుతున్నావట," అంది సూరమ్మ. "బతికున్నదాన్ని నాను. నా ఇంటికి దారి ఇన్నాళ్లకి దొరికిందా?"

"తిట్టు పెద్దమ్మా, తిట్టు. ముందు ఇది చూడు." ఇందుమతి ఫోను తీసి పుట్టుకల పుస్తకం ఫొటో చూపించింది. "తవిటమ్మ తల్లి అసిరమ్మ. దుంపల వాళ్లు పెంచుకున్నారంతే. అసిరమ్మకి ఏడుగురు, అందరూ బతికారు. పెంచిన పారమ్మకే పిల్లలు దక్కలేదట, కాని ఆవిడ మన రక్తం కాదు కదా. మన వైపు నుంచి ఏ దోషమూ లేదు పెద్దమ్మా."

ఆమె ముఖం అంత తేలికపడటం సూరమ్మ చూసింది. నా కింద కుండ మీద ఈగ వాలింది. సూరమ్మ దాన్ని తోలి, నన్ను తీసి ఒళ్లో పెట్టుకుంది.

"తవుడుకి కొనడమంటే ఏటో ఎరికేటి నీకు?"

అంతా చెప్పింది. చేట, గడప, కొంగులో తవుడు, నోటిమీద చెయ్యి. చెబుతున్నంతసేపూ బొటనవేలితో నా అంచు రుద్దుతూనే ఉంది.

"అయితే పారమ్మే..." అంటూ ఇందుమతి ఆగిపోయింది.

"అనకు. కడుపుతోటి ఉన్న పిల్ల ఇంట్లో ఉంటే ఆవిడ్ని తల్లని అనకూడదు. మీ అమ్మకి కూడా నాను సెప్పలేదు."

"మరి నాకెందుకు చెప్పావు?"

"నాకు ఎనబై దాటిపోనాయి. ఈ మాట నాతోటి పోతే ఆయమ్మకి ఇంకెవులూ ఉండరు."

వస్తూ వస్తూ పెద్దమ్మను అడిగి నన్ను తెచ్చుకుంది ఇందుమతి. బస్సులోంచే డాక్టరమ్మకు ఫోను చేసి, అమ్మవారూ జ్వరమూ వచ్చి పోయిన ఆ పిల్లల సంగతి చెప్పింది. అవి ఆ రోజుల్లో అందరిళ్లలోనూ వచ్చిన జబ్బులమ్మా, వంశంలో దిగేవి కావు, అన్నదావిడ. ఆ మాటతో మనసు కుదుటపడాలి. నేను ఆమె ఒళ్లో ఉన్నాను, పట్టు తెలుస్తూనే ఉంది. ఆ వేళ్లు పారమ్మ వేళ్లలాగే బిగుసుకున్నాయి.

విశాఖపట్నం ఇంట్లో చింతపండుతో నన్ను తోమి, అద్దాల బీరువా మీద పెట్టి, నాలో పెన్నులు వేశారు. ఒకసారి చూసిపోవడానికి వచ్చిన అల్లుడు, ప్రణవి మొగుడు, నన్ను తిప్పి చూసి, మంచి పాతకాలం పూలకుండీ అన్నాడు. గోడకు వంశవృక్షం కోసం పెద్ద తెల్లకాగితం అంటించారు. ఇందుమతి ఆదివారం ఉదయం కూర్చుని, తన పేరుతో మొదలుపెట్టి తల్లి, అమ్మమ్మ, తవిటమ్మ అని పైకి రాసుకుంటూ పోయింది. తవిటమ్మ పైన ఒక గడి. మూడేళ్లుగా ఆమె వెతికింది ఆ గడి కోసమే. వంటింట్లో కుక్కరు కూతలన్నీ అయిపోయి మాడు వాసన వచ్చేదాకా దాని ముందే కూర్చుంది. లేచి స్టవ్ ఆపి వచ్చి, ఒక్క ఊపున రాసేసింది: అసిరమ్మ.

ఏడో నెలలో పురుటికి వచ్చిన ప్రణవి కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఆ కాగితం ముందు నిలబడింది.

"ఈవిడకి ఎంతమంది అమ్మా?"

"ఏడుగురు."

"ఎంతమంది బతికారు?"

"అందరూనూ. వీధిలో వీళ్ల గోల భరించలేకపోయేవారట."

"ఊరికే చెప్పట్లేదు కదా?"

"సర్కారు పుస్తకంలో ఉందే. కావాలంటే ఫోను చూడు."

ప్రణవి చూస్తాననలేదు. సోఫాలో ఒత్తిగిలి, పొట్టమీద చెయ్యి వేసుకుని నిద్రపోయింది. ఆ పిల్ల పట్టపగలు నిద్రపోవడం నేను చూడటం అదే మొదలు. ఇందుమతి పక్కనే నేలమీద కూర్చుంది. నాలో ఏ చప్పుడూ లేదు. కానీ మూడో ఊపిరి ఒకటి ఉంది, గుమ్మం అవతలే ఆగి; ఒకప్పుడు పొద్దున్నే నా మీద చెయ్యి వేసినావిడదే. ఇందుమతి అటు చూసి తల ఊపింది. కృతజ్ఞత చెబుతోందో, మన్నించమంటోందో నాకు తెలియలేదు.

ఇత్తడికి అబద్ధం చెప్పడం రాదు. అందుకని అడుగుతున్నాను. ఆ గడిలోకి ఎక్కని ఆవిడ పేరు మీకు చెప్పేశాను. మీ ఇంట్లో నెలలు నిండుతున్న పిల్ల ఎవరైనా ఉంటే, దీన్ని పైకి చదవకండి.