అతకని కొమ్మ

ఎనిమిదీ నలభై. ఆఫీసులో ఇంకా ఫ్యాన్లు వెయ్యలేదు. ఆయన పెన్సిల్ చెక్కుకుని, పొట్టు చెత్తబుట్టలోకి దులిపి, కిటికీ అవతలి కొమ్మను గీయడం మొదలుపెట్టి అప్పటికే పది నిమిషాలైంది.

ఆయన దుప్పట్ల మిల్లులో పూలు వేసే ఉద్యోగి. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా అదే పని. జానెడు చదరంలో వేసిన బొమ్మే దుప్పటి పొడవునా అచ్చుపడుతుంది కాబట్టి, కుడి అంచున తెగిన తీగ ఎడమ అంచున అతుక్కోవాలి, పైన తెగిన రేకను కింది రేక అందుకోవాలి. అందులో ఆయన చెయ్యి తిరిగినవాడు. ఆయన పూల మీద ఎన్ని వేలమంది నిద్రపోయారో గానీ, ఒక్కరికీ ఆయనెవరో తెలియదు. తెలియాలని ఆయనా అనుకోలేదు.

పక్క బల్ల అమ్మాయి వచ్చాకే ఈ అరగంట పుట్టింది.

"బాబాయ్, పని మొదలవకముందు రోజూ అరగంట మనది. దుప్పటి తప్ప ఏదైనా వెయ్యొచ్చు. ఒంట్లో బాగోలేకపోయినా ఒక్క గీతైనా గియ్యాలి" అంది.

రెండేళ్ళలో ఇద్దరూ ఒక్కరోజు తప్పలేదు. ఆమె మనుషుల చెవులు వేసేది. ఈయన కొమ్మలు, కుర్చీలు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళ వీపులు.

నిన్న ఆమె ఆయన బొమ్మనొకదాన్ని తీసి సరదాగా గొట్టంలా చుట్టింది. కుడి అంచున తెగిన గీత ఎడమ అంచు గీతతో కలిసిపోయింది. ఇంకోటి చుట్టింది. అదీ అంతే.

"బాబాయ్, ఇవీ దుప్పట్లే."

ఆయన నవ్వేశాడు గానీ, ఇంటికెళ్ళగానే కట్ట విప్పి ఒక్కొక్కటీ చుట్టి చూసుకున్నాడు. అయిదువందల చిల్లర బొమ్మల్లో తనదంటూ ఒక్కటి లేదు.

"గానుగెద్దును విప్పి వదిలినా గుండ్రంగానే తిరుగుతుంది. దానికింత దిగులెందుకు?" అంది భార్య, కాగితాలు ఏరి ఇస్తూ.

ఈరోజు ఉద్యోగానికి ఆఖరిరోజు. మిగిలింది ఈ అరగంటే.

కొమ్మ కుడి అంచుకు వచ్చింది. ఎడమవైపు మొదలైన చోటికి సరిపోయేలా, చెయ్యి దానంతటదే కిందికి వంగబోయింది. ఆయన పెన్సిల్ పైకెత్తాడు.

"ఆపారేం బాబాయ్?"

"కాగితం అయిపోయింది అమ్మడూ."

"కొమ్మ అయిపోయిందా?"

ఆయన కిటికీలోంచి చూశాడు. "లేదు."

"మరి బల్ల ఉందిగా."

"ఆఫీసు బల్లమ్మా. ఏమన్నా అంటారు."

"ఏమంటారు, ఉద్యోగంలోంచి తీసేస్తారా?"

ఆయన తలుపు వైపు ఓసారి చూసి, పెన్సిల్‌ను అంచు దాటించాడు. చెక్క గరుకుకు మొన వణికింది. కొమ్మ తను వెళ్ళాల్సిన వైపే, పైకి, వెళ్ళింది. ఆకు సగంలో ఉండగా తొమ్మిది గంట కొట్టారు.

ఆ తరువాత రోజంతా మామూలే. ఒక దిండుగలీబు పూవుకు రంగు తగ్గించాడు. పాత నమూనాలు బీరువాలో సర్ది తాళం అప్పగించాడు. నాలుగింటికి మేనేజర్ రెండు ముక్కలు మాట్లాడి చెయ్యి కలిపాడు. ఆయన పొద్దుటి కాగితాన్ని చుట్టి చూడబోయి, చుట్టకుండానే రెండు అట్టల మధ్య పెట్టుకున్నాడు.

"వస్తానమ్మడూ" అని మెట్లు దిగాడు.

బల్లలు తుడిచే ఆవిడ తడిగుడ్డతో వచ్చేసరికి అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది.

"అదలా ఉండనీ పిన్నీ."

ఖాళీ బల్ల మీద, ఎక్కడ మొదలైందో తెలియని బెత్తెడు కొమ్మ, దాని చివర సగం ఆకు.