మార్చుకున్న షిఫ్టు

ఆ బొగ్గుగనిలో ఉమామహేశ్ కర్పూరం వెలిగించాడా లేదా, ఇన్నేళ్లుగా చర్చి పూజలో దివ్యసత్ప్రసాదం అందుకునేటప్పుడు కూడా మరియదాసును తొలిచిన సందేహం ఇదొక్కటే, ఈ రోజు మాత్రం పెడన బస్సు ఉయ్యూరు దాటుతుంటే మనసు తేలిగ్గా ఉంది, కిటికీలోంచి తడి చేల గాలి, పక్క సీటు పెద్దాయన తన భుజం మీద తల వాల్చి నిద్రపోతున్నాడు, పోనీ పడుకోనీ, ఒడిశా గనికి పోయే రైల్లో ఉమామహేశ్ కూడా ఇలాగే పడుకునేవాడు, పెడన నేతవాళ్ల కుర్రాడు, మగ్గం గిట్టుబాటు కాక బొగ్గుకొచ్చి తనకు తోడయ్యాడు, ఆ ఏడు భవానీ దీక్ష పట్టి, అన్నా, క్రిస్మస్‌కి నువ్వు కొండపల్లి పో, నీ సాయంత్రం షిఫ్టు నేను దిగుతా, దీక్ష విరమణకి నేను దుర్గమ్మ కొండెక్కే రోజు నా షిఫ్టు నువ్వు దిగు, అప్పటిదాకా నాకు బాకీ, అన్నాడు, నవ్వుతూనే అన్నాడు, ఆ నవ్వును తనెందుకు మర్చిపోయాడో.

ఇంట్లో బాలయేసు పశువులపాక అలంకరిస్తుంటే గనిలో గ్యాస్ పేలిందని ఫోనొచ్చింది, ఉమామహేశ్ లేడు, ఇంకా చాలామంది లేరు, గొల్లపూడి సెంటర్లో కొవ్వొత్తులు పట్టుకుని ఎంత జనం నడిచారు, కంపెనీ వాళ్లని జైల్లో వెయ్యాలని ఎంత అరిచారు, తీరా బతికి బయటపడ్డవాడొకడు ఆసుపత్రి మంచం మీంచి ఆ భవానీ లోపల హారతిచ్చాడండీ అనేసరికి మొత్తం తిరగబడింది, హారతంటే కర్పూరం, కర్పూరమంటే నిప్పు, ఇంక అడిగేదేముంది, టీవీలో, ఫోన్లలో, టీ కొట్టు దగ్గర, భక్తి ముదిరి అందర్నీ మసి చేశాడంట, అవే నోళ్లు, అవే కొవ్వొత్తులు పట్టిన చేతులు, మరియదాసు మాట్లాడలేదు, ఉమామహేశ్ వాళ్లమ్మ భద్రమ్మ గడప తొక్కలేదు, మామూలుగా వాడిది పగటి షిఫ్టు, హారతి వేళకి పైనుండేవాడు, తన పండగ కోసమే గదా ఆ వేళ లోపలున్నాడు, ప్రభువా, నీ పుట్టినరోజుకి ఇంటికి రావడం తప్పా, అని అడగడం మానలేదు, చనిపోయినవాళ్లని తలుచుకునే ఆత్మల పండుగనాడు మాత్రం వాడి పేరున కూడా ఒక కొవ్వొత్తి పెడుతూ వచ్చాడు.

విచారణ సాగీ సాగీ నిన్న తేలింది, పొయ్యి మీద పప్పు మాడుతున్నా పట్టించుకోకుండా భార్య వినీల పేపరు పైకి చదివింది, కరెంటు ఆదా అని కంపెనీవాళ్లే గనిలో గాలి ఫ్యాను ఆపేశారంట, గ్యాస్ పేరుకుందంట, పాత కేబుల్ అతుకు దగ్గర నిప్పురవ్వ లేచిందంట, అగ్గిపెట్టె, కర్పూరం గని బయట వాడి గదిలోనే దొరికాయంట, ఆ బతికినవాడు జడ్జిగారి ముందు పూర్తిగా చెప్పాడండీ, వినండి, హారతి వేళకి టోపీ తీసి, దానికున్న బ్యాటరీ లైటునే మూడుసార్లు తిప్పి, ఇవాళ్టికి అమ్మ సర్దుకుంటుందిలే అని నవ్వాడంట, అని చదివి, కళ్లు తుడుచుకుని, ఇంకా కూర్చున్నారేంటండీ, బస్సెక్కండి, అంది.

పెడనలో భద్రమ్మ గుంట మగ్గంలోంచి లేవకుండానే చూసింది, కొండపల్లి మరియదాసువా, ఇన్నాళ్లకా, పేపరొచ్చాక అందరూ వస్తున్నారులే, నిన్నటిదాకా మా వీధి తొక్కనోళ్లు కూడా, అంది, మీ అబ్బాయికి ఒక షిఫ్టు పని బాకీ అమ్మా, చేసి పోదామని వచ్చాను, అన్నాడు, ఆమె పోగుల మధ్య ఆడుతున్న నాడె ఆపి, గడ్డంతో మూలనున్న రాట్నం చూపించి, అయితే నూలు కండెలు చుట్టు, ఆడోళ్ల పనని సిగ్గుపడతావేమో, అంది, సిగ్గెందుకమ్మా, కూర్చున్నాడు, దారం తెగింది, మళ్లీ తెగింది, నూలయ్యా అది, బొగ్గు కాదు, మెల్లిగా లాగు, మావాడూ ఇంతే, ఒక్క కండె సరిగ్గా చుట్టి చస్తేనా, అని ఆమె నవ్వితే అదే నవ్వు, ఉమామహేశ్ నవ్వు, మధ్యాహ్నం గోంగూర అన్నం పెట్టింది, మళ్లీ రాట్నం, దారం ఇప్పుడు తెగడం లేదు, ఇన్నేళ్లూ వాడి ప్రాణాన్ని తను తీసుకున్నట్టే మోశాడు గాని, వాడిచ్చింది ప్రాణం కాదు, పండక్కి ఒక పూట, సంతోషంగా ఇచ్చాడు, పనికి పని ఇమ్మన్నాడు, అంతే, ఎండ గుమ్మం దాటి పోయాక భద్రమ్మ బుట్టలోంచి ఒక కండె తీసి, వేళ్లతో నొక్కి చూసి, నాడెలో పెట్టుకుంది, చాల్లే నాయనా, వాడి షిఫ్టు అయిపోయింది, లేచి చేతులు కడుక్కో.