చిలక మెడలో ఖాళీ గడి

ఈసారి వచ్చే కొత్త ట్యాబుకు పెన్ను దాంతోపాటే ఇస్తారేమో, తెర ఇంకో అంగుళం పెరుగుతుందేమో, మెమరీ అయితే రెండింతలు ఖాయమని ఇందాకే షాపులో శివప్రసాదన్న అన్నాడు కదా, అప్పుడు గళ్ళల్లో గీసే చీర గ్రాఫు ఎంత పెద్దదైనా ఆగకుండా జరుగుతుందట, ఇంగా రెండు నెల్లు ఆగు భవానీ, ఇప్పుడు కొంటే వచ్చేదాన్ని సూసి ఏడుస్తావు అని టీ తెప్పించాడు, పోయిన దసరాకూ ఇదే మాట, ఉగాదికీ ఇదే మాట, అయినా నాకు కోపం రాదు, పెదనాన్న కొడుకు, ఆదోనిలో సెల్ షాపు నడుపుతున్నాడు, ట్యాబుల సంగతి తనకు తెలిసినంత నాకేం తెలుసు, బస్సు కదిలింది, ముందర పత్తి లారీ, దుమ్ము, కళ్ళు మూసుకుంటే ఇంకా రాని ఆ ట్యాబు నా ఒళ్ళో ఉంది, దాని మీద నా చిలకలు.

ఊళ్ళో చీరలు నేయించే షావుకారు గోవిందన్న తేల్చి చెప్పేశాడు, కాగితం గ్రాఫులు ఇంగ వద్దు మ్మా, మగ్గానికి చిల్లుల అట్టలు గుద్దే మిషను ఫైలే అడుగుతాది, ట్యాబులో గీసి తే, కొంగు డిజైన్లన్నీ నీకే ఇస్తా, నీ పేరే రాయిస్తా, ఆ పేరు అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను, మూడు తరాలు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు, మా వాళ్ళ పేరు ఏ చీర మీదా లేదు, మా ఎమ్మిగనూరులో ఎవరికీ చెప్పకుండా ఆ సంతోషం శివప్రసాదన్నకే చెప్పాను, నీ గ్రాఫులు ఫొటోలు తీసి పంపు, ఎంత మెమరీ పడతాదో సూస్తా అన్నాడు, వెలుతురు బాగా పడాలని మిద్దె ఎక్కి మరీ తీశాను, ఇంకా ఎవరికీ చూపని పన్నెండు చిలకల కొంగు కూడా.

ముందు సీటు మీంచి వేలాడే కొంగు కుదుపుకొకసారి నా మోకాళ్ళకు తగులుతోంది, ఆకుపచ్చ చిలకలు, మెడలో ఎర్రపట్టీ, అయ్యో ఇవి నావే, తెలియకుండా ఎలా ఉంటుంది, పట్టీలో ఒక గడి ఖాళీ, అది మా అవ్వ నాకొక్కదానికే నేర్పిన దిష్టి గడి, కొంగులో మొదటి చిలకకు ఒక్క గడి రంగు వేయకుండా వదలాలి, అన్నీ నిండుగా ఉంటే కన్ను పడుతుంది అనేది, మిగతా పదకొండింటికీ పట్టీ నిండుగానే ఉండాలి, ఇక్కడ రెండోదానికీ ఖాళీ, మూడోదానికీ ఖాళీ, వేలు పెట్టి చూశాను, పన్నెండింటికీ ఖాళీయే, ఒక్కదాన్ని గీసి పన్నెండుసార్లు అతికించారు, అక్కా ఈ చీర యాడ కొంటిరి అంటే ఆమె వెనక్కి తిరిగి నవ్వింది, కొనలేదు మ్మా, గోవిందన్న కింద మా ఇంటాయన నేసిందే, ఆదోనిలో సెల్ షాపాయన శివప్రసాదంట, ట్యాబులో గీసిచ్చినాడు, ఇది ఆయన్ది మూడోది, శానా బాగా గీస్తాడు, అవునక్కా బాగుంది అన్నాను, నా నోటితోనే అన్నాను.

మోసం, సొంతవాడు చేసిన మోసం, బస్సు ఆరేకల్ దాటింది, దిగి వెనక్కి పోయి అడగాలా, అడిగితే మళ్ళీ టీ తెప్పిస్తాడు, ఇందాక అన్న టీ గ్లాసు పట్టుకున్నప్పుడు చూశాను, నడిమి వేలి మీద కాయ, పెన్సిలు పట్టి పట్టి నా వేలికి ఉన్నట్టే, చూసి కూడా ఏమీ అనుకోలేదు, ఆ టీ తాగుతూ ఏమన్నాడు, ఇప్పుడున్న ట్యాబులో గంటసేపు గీస్తే ఎనక కాలిపోతాది, పెన్ను గాజు మీద జారి పక్క గడిలోకి పోతాది, రంగు మార్చేటప్పుడు నిలబడిపోతాది, కొత్తదాంట్లో అయ్యన్నీ సరిచేస్తారులే అన్నాడు, నేను తలూపాను, సెల్లులు అమ్ముకునేవాడికి పెన్ను పక్క గడిలోకి జారుతుందని ఎలా తెలుసు, గంట గీస్తే కాలుతుందని ఎలా తెలుసు, నన్ను ఆగమన్న ఏడాదంతా తను ఆగలేదు, కొత్త ట్యాబు మీద నా కోసం వేస్తున్నాడనుకున్న ఆ అంచనాలు ఏవీ నా కోసం కావు, అవన్నీ నా చిలకలను గీస్తూ అన్న పడిన తిప్పలు.