డాలు గీతల మధ్య

వెల్డా స్టాడర్డ్ ఆ నాణేన్ని తోమింది. జరిగిన తప్పు అదే. తోమకపోయి ఉంటే చిక్కు ఆమె ఒక్కదానిదే అయ్యేది. తోమడంతో ఆర్డిత్ కెస్లర్ కూడా అందులో ఇరుక్కుంది.

ఓహాయోలో ఆ చిన్న ఊళ్ళో ఆర్డిత్ దుకాణం మంగలి షాపు పక్కనే ఉండేది. పొద్దున్నే వచ్చి హీటర్ వేసుకుని, కాఫీ కప్పుని బల్లకి దూరంగా కిటికీలో పెట్టి, నూలు తొడుగులు వేసుకునేది. పాత వెండి డాలర్లు అసలువో నకిలీవో తేల్చి చెప్పడం ఆమె పని. ముఖ్యంగా ప్రూఫ్‌లు. ప్రూఫ్ అంటే చెలామణీకి కొట్టింది కాదు. దాచుకునేవాళ్ళ కోసం అచ్చుని అద్దంలా మెరుగుపెట్టి, ఒక్కొక్కటిగా ఒత్తి తీసింది. మామూలు డాలర్ని మెరుగుపెట్టే చక్రం మీద రుద్ది ప్రూఫ్ అని అంటగట్టేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. వాళ్ళని పట్టుకోవడానికి అంచుల పదును చూస్తారు, నక్షత్రాల మొనలు చూస్తారు, ఆఖర్న నాణేన్ని దీపం కింద వాలుగా పట్టుకుని చచ్చిపోయినవాళ్ళని చూస్తారు. ప్రాణం పోయేటప్పుడు యజమాని దగ్గరుంటే, అసలైన ప్రూఫ్ ఆ ఘడియని తన అద్దంలో ఉంచేసుకుంటుంది. మామూలు నాణెం ఎంత రుద్దినా ఉంచుకోదు. కోర్టులు కూడా ఈ సంగతి ఒప్పుకుంటాయి.

ఫిబ్రవరిలో ఒకరోజు వెల్డా వచ్చింది. వెనకే ఆమె మరిది లోవెల్. అతనూ నాణేలు దాచేవాడే.

"మెట్ల మీంచి పడి చచ్చినప్పుడు మా అన్నయ్య హార్లన్ చేతిలో ఇదే ఉంది," అన్నాడు లోవెల్, టోపీ తియ్యకుండానే. "అందులో ఏముందో చెప్పండి. షెరీఫ్ దగ్గర మీ మాటే నా మాట."

ఆర్డిత్ పెట్టె తెరిచింది. పద్దెనిమిది వందల అరవై తొమ్మిది నాటి డాలరు, విందు బల్ల మీది చెంచాలా తళతళలాడుతోంది. నిండా సన్నటి గీతలు.

"ఎవరు తోమారు దీన్ని?"

"నేనే. చెంచాలతో పాటు, సోడా వేసి," అంది వెల్డా.

"విన్నారా? హార్లన్ నాణేలంటే ఆ ఇంట్లో పిల్లి కూడా ఊపిరి బిగపట్టి నడిచేది. వదినగారు తోమిపెట్టారట!"

"నీకేం తెలుసు, ఎప్పుడైనా నన్ను ముట్టుకోనిచ్చాడా ఆయన? చెంచాలే నా చేతికిచ్చింది."

బొమ్మ చుట్టూ ఉన్న నున్నటి చోటంతా ఖాళీ. పాత యజమానులు ఎవరున్నారో గానీ అందరూ సోడాలో కొట్టుకుపోయారు. ఆర్డిత్ భూతద్దం కిందికి జరిపింది. ఆ డాలర్ మీద లిబర్టీ దేవత రాతి మీద కూర్చుని, చేత్తో డాలు పట్టుకుని ఉంటుంది. డాలు మీద నిలువు గీతలుంటాయి. ఆ సందుల్లోకి మెరుగుపెట్టే చక్రం పోదు. వెల్డా గుడ్డ కూడా పోలేదు. అక్కడ అద్దం చెక్కుచెదరలేదు.

అందులో నేలమాళిగ మెట్లు. కింద కాలు మడతపడి హార్లన్, నోరు తెరిచి ఉన్నాడు. పై మెట్టు మీద వెల్డా, ఏప్రన్‌లో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది.

ఆర్డిత్ తల ఎత్తింది. "లోవెల్, మీ నీడ పడుతోంది నాకు. ముందు గదిలో కాఫీ ఉంది, పోసుకోండి."

అతను గొణుక్కుంటూ వెళ్ళాడు.

"నువ్వు కూర్చున్నావు," అంది ఆర్డిత్.

"కూర్చున్నాను."

"ఎంతసేపు?"

"అరుపు ఆగేదాకా."

"ఏమని అరిచాడు?"

"ముందు డాలర్ తీసుకో, నేల తగలనివ్వకు, అంచు పట్టుకో, అంచు పట్టుకో అని. డాక్టర్ని పిలవమని తర్వాతెప్పుడో అన్నాడు." వెల్డా తలకి కట్టుకున్న స్కార్ఫ్ కొంచెం వెనక్కి లాగింది. చెవి వెనక అరచేతి మేర జుట్టు లేదు. "నాణేల్ని అంచు పట్టుకునేవాడు, ఆర్డిత్. నన్ను జుట్టు పట్టుకునేవాడు."

ఆ స్కార్ఫ్ జూలై ఎండల్లో కూడా చర్చిలో కనిపించేది. ఎందుకని ఊళ్ళో ఎవరూ అడగలేదు.

తోమిన ప్రూఫ్ అని చెబితే లోవెల్ ఇంకొకరి దగ్గరికి పట్టుకెళ్తాడు. పని తెలిసిన వాడెవడైనా డాలు గీతలు చూస్తాడు. ప్రూఫే కాదంటే ఇంకెవరూ చూడరు. కానీ అసలు నాణేన్ని నకిలీ అని ఆర్డిత్ ఎన్నడూ అన్లేదు. ఆ మాట మీదే ఆమె దుకాణం నడిచింది.

లోవెల్ కప్పుతో తిరిగొచ్చాడు. "ఊఁ, ఏం తేలింది?"

"ప్రూఫ్ కాదు."

"ఏమిటీ?"

"మామూలు డాలరు. ఎవడో చక్రం మీద రుద్దాడు. గీతల మధ్య అద్దం లేదు. ఇందులో ఎవరూ లేరు, ఎప్పుడూ లేరు."

లోవెల్ కాసేపు నాణెం వంక చూశాడు. తర్వాత కాఫీ ఒలికేంతగా నవ్వాడు. "మా అందర్నీ వెధవల్ని చేసి మాట్లాడేవాడే! జీవితమంతా చేతి గుడ్డలో చుట్టుకుని తిరిగింది దీన్నా!" నవ్వుతూనే మంగలి షాపులో చెప్పడానికి పోయాడు. అన్న ఎలా చచ్చాడన్నది గుమ్మం దాటేసరికే మర్చిపోయాడు.

వెల్డా డాలర్ తీసుకుంది. దేవత మొహం మీద బొటనవేలు ఆనించి గట్టిగా పట్టుకుని, కోటు జేబులో కారు తాళాలతో పాటు పడేసింది.

"రోడ్డు మీద మంచు గడ్డకట్టింది. చూసుకుని నడుపు," అంది ఆర్డిత్.

ఆమె వెళ్ళాక ఆర్డిత్ నూలు తొడుగులు విప్పి, దీపం ఆర్పింది.

మంచు కరిగాక పిట్స్‌బర్గ్ నుంచి ఒకాయన వెల్వెట్ పెట్టె పట్టుకొచ్చాడు. ఇంత దూరం మీ మాట కోసమే వచ్చానన్నాడు. ఆర్డిత్ మూత తియ్యకుండానే పెట్టె వెనక్కి తోసింది. బతికినన్నాళ్ళూ మళ్ళీ ఏ నాణేన్నీ దీపం కింద పెట్టలేదు.