నేను కురిపించిన వాన

మేనకోడలు ఫోన్ మీద ఫోన్ చేస్తే వాళ్ల కాలేజీకి వెళ్లాను. పాత రాతల్ని కంప్యూటర్లోకి ఎక్కించి, లెక్కలు తీసి, బొమ్మలు గీసి చూపించే విద్యార్థుల ప్రదర్శన అది. హాలు నిండా బల్లలు, బల్లకో తెర. "మావయ్యా, ఇదంతా నీ పుణ్యమే" అంటూ తన బల్ల దగ్గరికి లాక్కెళ్లింది. నాకు ఛాతీ పొంగిపోయింది. ముప్పై ఏళ్లు రికార్డుల ఆఫీసులో కాపీ గుమాస్తాగా అరిగిపోయినవాణ్ణి, నన్నెవడు పట్టించుకున్నాడు గనక?

తెర మీద ఉన్నది ఒక మంత్రసాని ఏడాది పొడుగునా రాసుకున్న రోజువారీ పుస్తకం. ఆవిడ చేతిరాతను శుభ్రంగా తిరగరాసింది నేనే. మేనకోడలు ఆ కాపీని పట్టుకుని, ఊరి మరణాల రిజిస్టరుతో ఒక్కో రోజునీ సరిపోల్చింది.

"చూడు మావయ్యా, 'వాన, ఇంట్లోనే ఉన్నాను' అని ఆ ఏడాది నూట పద్నాలుగు రోజులు రాసుకుంది. ఈ ఎర్ర చుక్కలు పురిట్లో పోయిన తల్లులు. పదకొండు మంది ఆ రోజుల్లోనే పోయారు. ఈవిడ గడప దాటలేదు."

ఆ ముక్క ఎక్కడిదో నాకు తెలుసు.

ఆ పుస్తకంలో మూడో వంతు పేజీలు చెమ్మకి అలుక్కుపోయి ఉండేవి. ఖాళీ వదిలితే సూపరింటెండెంట్ కాపీని మొహాన కొట్టేవాడు. భూతద్దం పెట్టుకుని కూర్చుంటే ఒక్కో పేజీకి ఒక పూట పడుతుంది. ఎవడు చదవొచ్చాడులే అని, అలుక్కుపోయిన ప్రతి రోజుకీ అదే ముక్క గిలికేశాను. తడిసిన పుస్తకానికి వాన అతికినట్టు సరిపోయిందని నాలో నేను నవ్వుకున్నాను కూడా. నా కాపీ చేతికందగానే అసలు పుస్తకాన్ని చిత్తుకాగితాల్లో కలిపేశారు.

బల్ల ముందు ఒక పెద్దావిడ నిలబడి ఉంది. ఆ మంత్రసాని కూతురట, మేనకోడలే వెతికి పిలిపించింది.

"మా అమ్మ వానకి ఆగే మనిషి కాదమ్మా," అంది మెల్లగా. "కానీ తన చేత్తో తనే రాసుకుందంటే ఇక నేనేం చెప్పను." సంచి భుజాన వేసుకుని వెనక్కి తిరిగింది.

నోరు మూసుకుంటే నాకు పోయేదేమీ లేదు. మార్కులు వేసేవాళ్లు రెండు బల్లల అవతలే ఉన్నారు. పిల్లది ఏడాది కష్టం. సిగ్గులేని మనిషిని, ఆవిడ తలుపు దాకా వెళ్లేవరకూ అలాగే చూస్తూ నిలబడ్డాను.

"ఆగండమ్మా," అన్నాను. "అది మీ అమ్మగారు రాసింది కాదు. నేను రాశాను."

మొత్తం చెప్పేశాను. మేనకోడలు నా వైపు చూడకుండా తెర ఆపేసింది. నాలుగు తిట్టినా బాగుండేది.

పెద్దావిడ కోప్పడలేదు. గబగబా నా దగ్గరికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"అయితే ఆ రోజుల్లో మా అమ్మ ఏం రాసిందో మీకు గుర్తుందా బాబూ? ఒక్క రోజుదైనా?"

గుర్తుండడానికి నేను చదివితే కదా.